ఆపిన చోట ఆగేది

అన్న చెక్కపని చేసేవాడు. తలుపుల మీద తీగెలు, పువ్వులు చెక్కడంలో ఆయనకు మంచి పేరుండేది. చెల్లెలు అదే వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసేది. ఉన్నట్టుండి అన్నకు చేతులు వణకడం మొదలైంది. మందులతో కొంత నెమ్మదించినా, ఉలి మాత్రం చేతిలో నిలవలేదు. పని చెప్పడానికి ఎవరైనా వస్తే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, తీరిక లేదని చెప్పి పంపేసేవాడు.

అది చూస్తూ ఊరుకోలేక చెల్లెలు ఒక పనికి పూనుకుంది. కంప్యూటర్లో గీసిన బొమ్మను చెక్క మీద తనంతట తానే చెక్కే రూటర్ యంత్రాన్ని ఇంట్లోనే తయారుచేస్తానంది. వదిన నవ్వి, "మీ అన్నయ్య ఎలాగూ నా మాట వినడు, ఆ యంత్రమైనా వింటుందేమో చెయ్యి" అంది. 

చట్రం సిద్ధమైంది. ఇక స్క్రూలు కొనాలి. చిన్న మోటారు తిరిగితే, చెక్కను కోసే పెద్ద మోటారున్న బండి జరిగేది వాటివల్లే. పొడవుకొకటి, అడ్డానికొకటి, పైకీ కిందికీ ఒకటి. ఆమె మూడింటికీ బాల్ స్క్రూలే తెచ్చింది. వాటి నట్టులో చిన్న గుండ్లు దొర్లుతాయి కాబట్టి కదలిక నూనె మీద జారినట్టుంటుంది. నిలువుగా పెట్టేదానికి కూడా ఇంత నునుపు కావాలా అని అన్న అడిగాడు. ఆమె తన హడావుడిలో తానుండి, అన్నీ ఒకే రకమైతే మంచిదని ఆ మాట కొట్టిపారేసింది.

యంత్రం కదలసాగాక, అన్న తాను చేత్తో చెక్కిన ఆఖరి పలకను తెచ్చి ఇచ్చాడు. పూతకొచ్చిన చిక్కుడు తీగె అది. కొలతలు తీసి అలాంటిదే చెక్కిద్దామని ఆమె పలకను బల్లకు బిగించింది. ఎత్తు కొలవడానికి, చెక్కను కోసే మొనదేలిన బిట్టును సరిగ్గా ఒక పువ్వు మీదికి తెచ్చి ఆపింది.

అంతలో కరెంటు పోయింది. నిలువు స్క్రూను పట్టి ఉంచే బలం పోవడంతో బరువైన కోత మోటారు, స్క్రూను తిప్పుకుంటూ గబగబా దిగిపోయింది. ఆమె చెయ్యి చాచేలోపే బిట్టు పువ్వు నడుమ దిగబడింది. రెండు రేకులు విరిగి కింద పడ్డాయి.

అన్న వంగి రేకులు ఏరబోయాడు. వేళ్ళు వణికి అవి చిక్కలేదు. ఆమె సాయం చెయ్యబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. చివరికి రెండూ ఏరి, అరచేతిలో మూసిపెట్టుకుని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె యంత్రాన్ని విప్పెయ్యడానికి స్పానరు పట్టుకుని కూర్చుంది. అన్న వచ్చి, స్పానరు పక్కన పెట్టి తనతో స్క్రూల దుకాణానికి రమ్మన్నాడు.

అక్కడ ఆయన ఒక బాల్ స్క్రూ అడిగి తీసుకుని నిటారుగా నిలబెట్టాడు. నట్టు దానంతటదే తిరుగుతూ కిందికి జారింది. తర్వాత చెక్కను బిగించే బెంచి వైస్‌కు ఉండేలాంటి, గుండ్లు లేని, ఒకే గాడి మర ఉన్న మందపాటి స్క్రూ అడిగాడు. ఇప్పుడు దాన్నెవరూ అడగడం లేదని దుకాణదారు గొణుగుతూ తీసిచ్చాడు. అన్న దాన్నీ నిలబెట్టి, దాని నట్టును రెండు చేతులతో అదిమాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. నట్టు అంగుళం కూడా దిగలేదు.

"ఇది నెమ్మదిగా నడుస్తుందన్నయ్యా. రాపిడికి నట్టు అరిగిపోతుంది కూడా" అంది చెల్లెలు.

"అరిగితే మారుద్దాం. నాకు వేగం వద్దమ్మా. ఆపిన చోట ఆగేది కావాలి."

ఆమె బాల్ స్క్రూను దుకాణదారుకు తిరిగి ఇచ్చేసింది. "నువ్వు ముందే అడిగావు. నేనే వినిపించుకోలేదు."

"ఇప్పుడు విన్నావుగా" అన్నాడాయన, స్క్రూను కాగితంలో చుట్టమని దుకాణదారుకు సైగ చేస్తూ.

పొడవుకీ అడ్డానికీ బాల్ స్క్రూలు అలాగే ఉంచి, నిలువుదాన్ని మార్చారు. బిగించాక ఆమె కావాలనే మెయిన్ స్విచ్ ఆపింది. కోత మోటారు ఉన్నచోటే ఉంది.

మొదటి పలక బయటికొచ్చాక అన్న దుమ్ము తుడిచి, వేళ్ళతో ఆకులన్నీ తడిమి, కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. కాసేపటికి చెల్లెలు వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఇది నేను చెక్కింది కాదమ్మా" అన్నాడు.

"కాదన్నయ్యా."

ఆయన లేచి వెళ్ళి ఆ పలకను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆకులు పైపైన ఉన్నాయి. బిట్టును ఇంకొంచెం లోతుగా దింపు" అన్నాడు.