మొదటి పేజీలో పేరు

పుస్తకం అచ్చుకు పోయేముందు చేయాల్సినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. మాటలన్నీ అక్షరక్రమంలో పెట్టాలి. మరాఠీ అర్థాలు హెడ్మాస్తరుకు చూపాలి. పక్క పట్నం చాందా పోయి హైదరాబాదు ప్రెస్సుకు పార్శిల్ వేయాలి. మొదటి పేజీలో గట్టయ్య తాత పేరు వేయించాలి.

చివరిది తప్ప అన్నీ చేశాను.

మా రాజురా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలిసిన మూడో ఏడు అది. నేను మాస్తరుగా ఉన్న బడి మరాఠీ అయింది. భజనలో పాడే మాటలు ముందుముందు మా పిల్లలకు తెలియవని, మాయ, మోక్షం, వైరాగ్యం వంటి రెండు వందల మాటలకు తెలుగులోనూ మరాఠీలోనూ అర్థాలు రాశాను. మా ఇంట్లో బి.ఎ. చదివిన మొదటివాణ్ణి నేనే. కాని అర్థాలు నావి కావు. శనివారం భజనలో తత్వం పాడాక దాన్ని విప్పి చెప్పేది గట్టయ్య తాత. చెప్పినవాళ్లకే మొదటి కొబ్బరిచిప్ప. తాత దాన్ని నా చేతిలో పెట్టేవాడు.

"నీ పండ్లు గట్టిగున్నయ్, నువ్వు తిను."

ఒకసారి ప్రాయశ్చిత్తమంటే ఏందని అడిగాను.

"ఎవలకు తప్పు జేసినవో ఆళ్ల ముంగట నిలవడి చెప్పుడు. దేవునికి చెప్పుడు అల్కటి పనే, ఆయన మర్ల తిట్టడు గద."

అట్లాగే రాసుకున్నాను.

పేరు వేయిస్తానని తాతకు మాటిచ్చాను. తీరా అచ్చుకు పంపేటప్పుడు, నాగలి పట్టే మనిషి పేరు చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారని భయపడ్డాను. 'పండితుల వద్ద సేకరించినవారు: బాపయ్య, బి.ఎ.' అని నా పేరే వేయించాను.

పుస్తకం చేతికిస్తే తాత అడిగాడు: "నా పేరేడుంది బిడ్డా?"

తాతకు చదువు రాదు. పుస్తకాన్ని పక్కనున్న మనుమరాలు గిరిజ వైపు తిప్పాడు. గిరిజది మరాఠీ బడి. "గా అక్షరాలు నాకు రావు తాతా" అంది.

నేను నా పేరు మీద వేలు పెట్టాను.

"గింత పొడుగుందా?" అని తాత ఆ వరుసను కళ్లకద్దుకున్నాడు.

"ఇగ నిన్ను పట్టలేం తాతా" అంది గిరిజ.

తర్వాత మూడు శనివారాలు నిజం చెబుదామనే పోయాను. మూడుసార్లూ చిప్ప నాకే ఇచ్చాడు. తిని వచ్చాను. నాలుగో వారం తాతకు జ్వరమన్నారు. సోమవారం పాడె మీద, ఆయన గుండెలపై ఆ పేజీ తెరిచి పెట్టారు.

దినాలయ్యాక గిరిజకు చెప్పాను.

"తాతకు జెప్పాల్సింది మాస్తరూ" అంది.

ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే, మొదటి పేజీలో నా పేరున్న చోట గట్టయ్య అని చదువుకోండి. ఆయనను గుర్తుపెట్టుకోండి.