విశ్వం ఆకారం, మూడో విజిల్

"విశ్వానికి అంచు ఉన్నట్టు ఇంతవరకు ఆధారం లేదు," అని ఫోన్‌కి చెప్పి, విజయదుర్గ బీరకాయ చెక్కు తీయడం మొదలుపెట్టింది.

ఫోన్ చక్కెర డబ్బాకి ఆనించి ఉంది. ఆవిడ మాట్లాడుతుంటే అది టైపు చేసుకుంటూ పోతుంది. కూర్చుని రాసే తీరిక లేని ఇంట్లో అంతకంటే దారి లేదు మరి. వచ్చిన చిక్కల్లా ఒకటే. పాఠమేదో వంటేదో ఆ ఫోన్‌కి తెలిసి చావదు. విశ్వమూ రాస్తుంది, కుక్కర్ ఆపమన్నదీ రాస్తుంది. అందుకని మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, పాఠంలోంచి వంటిల్లంతా శుభ్రంగా తుడిచేసి మొగుడికి పంపుతుంది.

మొగుడు త్రినాథరావు దిల్‌సుఖ్‌నగర్‌లో పేరు మోసిన జనరల్ సైన్సు ఫ్యాకల్టీ. గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు ఆయన క్లాసంటే మెట్ల మీద కూడా కూర్చుంటారు. మెట్రో దిగగానే ఫ్లెక్సీలో చేతులు కట్టుకుని నిలబడింది ఆయనే. ఆదివారం సాయంత్రాలు అల్మాస్‌గూడలో సొంత ఇంటి నుంచే యూట్యూబ్ లైవ్ పెడతాడు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది మాత్రం విజయదుర్గ. ఆయనది బీకాం. ఈ సంగతి ఇంట్లో ఎవరూ దాచరు, అలాగని ఎవరూ అనరు. పెళ్లయిన కొత్తలో "నువ్వు పాయింట్లు చెప్పు, నేను ప్రెజెంట్ చేస్తా, మనిద్దరం ఒకటే కదా" అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడనీ! ఇద్దరూ కలిసి అయిన ఆ ఒక్కరు ఎవరో ఆవిడకి తర్వాత మెల్లగా తెలిసింది.

మొన్న కోచింగ్ సెంటర్ డైరెక్టర్ మృదుల ఫోన్ చేసింది. "మేడం, ఎల్.బి.నగర్‌లో కొత్త బ్రాంచి సోమవారం మొదలవుతోంది. పొద్దున ఏడింటి సైన్సు క్లాసులు మీరే వచ్చి చెప్పండి. సార్‌ని ఏ డౌట్ అడిగినా ఇంటికెళ్లొచ్చి చెప్తానంటారు. ఇంట్లో ఎవరున్నారో నాకు అర్థమైంది. ఆదివారం సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పండి" అంది.

విజయదుర్గకి ఆ రోజంతా కాళ్లు నేల మీద లేవు. త్రినాథరావుకి చెప్తే, "పదిమంది ముందు నిలబడి చెప్పడం వేరు విజయా, అది అందరికీ రాదు. చూద్దాంలే" అన్నాడు. ఆయన 'చూద్దాంలే' అన్నవేవీ ఇంతవరకు వెలుగు చూడలేదు. వాషింగ్ మెషీన్ రిపేరు అందులోనే పోయింది, ఆవిడ పీహెచ్‌డీ అందులోనే పోయింది. అత్తగారు సీతామహాలక్ష్మి ఇంకో అడుగు ముందుకేసి, "ఇద్దరూ చెప్పేవాళ్లయితే ఇంట్లో వినేదెవరే?" అంది. పాపం ఆవిడది చెడ్డ మనసు కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడా వింటూనే ఉంది.

ఇవాళ ఆదివారం. బీరకాయ అయిపోయి పచ్చిమిరపకాయల్లోకి వచ్చేసరికి, పక్క పోర్షన్ అండాలమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నల్లగొండ దిక్కు మనిషి. మాట వచ్చిందంటే లోపల ఆగదు.

"పెరుగు తోడుకొచ్చిన. ఏందమ్మా, ఒక్కదానివే మాట్లాడుకుంటున్నవ్?"

"సాయంత్రం సార్‌కి పాఠం."

"గా సార్ చెప్పేటియన్నీ నువ్వు చెప్పినయేనా? మరి నువ్వే చెప్పరాదు? నడుమ ఆయనెందుకు?"

విజయదుర్గ ముందు నవ్వింది. తర్వాత ఎందుకో చేతిలో చాకు ఆగిపోయింది. "నాకు రాక కాదు అండాలమ్మా. పెళ్లయ్యాక నేనొక పుస్తకం కూర్చుని చదివింది లేదు. చదివిందంతా పొయ్యి ముందు నిలబడే చదివాను. ఎల్.బి.నగర్ వెళ్లి పాఠం చెప్పాలని నాకెంత ఆశగా ఉందో ఆయనకి తెలీదు. అడగడు. అడిగితే ఒప్పుకోవాల్సొస్తుందని అడగడు."

"అడిగేదేంది? పో!" అని అండాలమ్మ తోడు పోయించుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పాఠం దిద్దడానికి ఫోన్ తీస్తే అంతా ఉంది. లడ్డూలు, విజిళ్లు, అండాలమ్మ, తన ఆశ, వరసగా, ఒకదాని పక్కన ఒకటి. చెరిపేయబోయింది. చెరపాలనిపించలేదు. మొహం మీద చెప్పడానికి నోరు రాని మాటలు ఎలాగూ రాసి ఉన్నాయి కదా, లైవ్‌కి ముందు ఒక్కడే కూర్చుని చదువుకుంటే ఆయనకే తెలుస్తుంది అనుకుంది. ఉన్నదున్నట్టు ఆయన ట్యాబ్‌కి పంపించేసింది.

కాఫీ ఇస్తూ, "ఇవాళ్టిది ఒకసారి చదువుకోండి" అంది.

"నువ్వు రాసిందేగా. ముందే చదివితే ఫ్రెష్‌నెస్ పోతుంది."

చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ, "చదివారా?" అంది.

"అబ్బబ్బ, చదువుతాలేవే" అని ఆయన తల దువ్వుకోవడంలో పడ్డాడు.

లైవ్ టైముకి ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. మిక్సీ వేయకూడదు, కుళాయి తిప్పకూడదు. అత్తగారికి దగ్గొస్తే వరండాలోకి వెళ్లి దగ్గి రావాలి. నాదర్‌గుల్ నుంచి లేచే ట్రైనింగ్ విమానాలకి మాత్రం ఈ రూలు చెప్పేవాళ్లు లేరు. విజయదుర్గ వంటింట్లో నిలబడి ఫోన్‌లో చూస్తోంది. చదివే ఉంటాడు, ఆ నాలుగు ముక్కలూ తీసేసే ఉంటాడు అని తనకి తనే చెప్పుకుంటోంది.

త్రినాథరావు గొంతుకి ఒక గుణముంది. కరెంటు బిల్లు చదివినా ఉపన్యాసంలాగే ఉంటుంది. "కాంతి మన దాకా వచ్చినంత మేరే మనకి కనిపించే విశ్వం! దాని అవతల ఏముందో తెలియదు. తెలియనంత మాత్రాన లేదనకూడదు. రెండు విజిళ్లు వచ్చాయి, మూడోదానికి ఆపాలి!"

విజయదుర్గ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చదవలేదు. మహానుభావుడు చదవనే లేదు.

కింద చాట్‌లో సాయికుమార్ అనే కుర్రాడు, "మొదటి విజిల్ అంటే బిగ్ బ్యాంగా సార్?" అని అడిగాడు.

"వెరీ గుడ్! నోట్ చేసుకోండి," అని ఆయన ముందుకెళ్లాడు. "విశ్వం ఆకారానికి మూడు అవకాశాలు. బాలాపూర్ లడ్డూ పైభాగంలా గుండ్రంగా ఉండొచ్చు. నూనెలో వేసిన అప్పడంలా ఒకవైపు పైకీ ఒకవైపు కిందికీ వంపు తిరగొచ్చు. లేదా చపాతీలా చదునుగా ఉండొచ్చు. కొలిచినంతలో చదునుగానే కనిపిస్తోంది. అత్తయ్యగారూ, బీపీ మాత్ర వేసుకున్నారా?"

హాల్లోంచి సీతామహాలక్ష్మి ఉలిక్కిపడి, "వేసుకున్నాన్రా!" అని కేకేసి, వంటింటి వైపు తిరిగి, "నన్ను అత్తయ్యగారంటాడేమిటే వీడు?" అంది.

పరిగెత్తుకెళ్లి ఆపుదామనుకుంది విజయదుర్గ. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. కడుపులోంచి నవ్వు తన్నుకొస్తోంది, దాని వెనకే ఏడుపూ వస్తోంది. ఇంతలో ఆయన గంభీరంగా, "నాకు రాక కాదు అండాలమ్మా!" అన్నాడు. "పెళ్లయ్యాక నేనొక పుస్తకం కూర్చుని చదివింది లేదు. చదివిందంతా పొయ్యి ముందు నిలబడే..." అక్కడ ఆయన గొంతు కొంచెం తగ్గింది. కళ్లు మాత్రం అలవాటు కొద్దీ ముందుకే పోతున్నాయి, నోరు వాటి వెంట పోతోంది. "నాకెంత ఆశగా ఉందో ఆయనకి తెలీదు. అడగడు. అడిగితే... ఒప్పుకోవాల్సొస్తుందని..."

ఆగిపోయాడు. చాట్‌లో వరద మొదలైంది. అండాలమ్మ ఎవరు సార్? ఇది సిలబస్‌లో ఉందా సార్? పాఠం రాసేది మేడమా సార్? వాటి మధ్యలో అలేఖ్య అనే అమ్మాయి ఒక్కతే బుద్ధిగా, "చదునుగా ఉంటే విశ్వం అనంతమేనా సార్?" అని అడిగింది.

త్రినాథరావు కెమెరా అలాగే వదిలేసి వంటింట్లోకి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. "ఇవన్నీ నాతో చెప్పొచ్చు కదే."

"చదువుకోమన్నాను కదండీ. రెండుసార్లు."

ఆయన ఏదో అనబోయాడు. ఆ క్షణంలో ఒక్క మాట, ఏదో ఒక్క మంచి మాట అంటాడేమోనని ఆవిడ నిజంగానే చూసింది. "సరేలే, అది తర్వాత మాట్లాడుకుందాం. చదునుగా ఉంటే అనంతమేనా అని అడుగుతున్నారు. తొందరగా చెప్పు, వెళ్లి చెప్పేస్తా" అన్నాడు.

జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. ఎప్పుడూ వచ్చినట్టే. విజయదుర్గ దాన్ని మింగేసింది. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆయన పక్కనుంచి వెళ్లి ఆయన కుర్చీలో కూర్చుంది.

"అలేఖ్యా, మంచి ప్రశ్న. చదునుగా ఉన్నంత మాత్రాన అనంతమని చెప్పలేం. ఈ గది గుమ్మంలోంచి బయటికి వెళ్తే, ఎదుటి కిటికీలోంచి మళ్లీ ఇదే గదిలోకి వస్తామనుకో. గోడలు ఎక్కడా వంగి ఉండవు. అంచూ తగలదు. కానీ ఎంత తిరిగినా అదే ఇల్లు." అని ఆవిడ వంటింటి వైపు ఒకసారి చూసింది. "విశ్వం అలా ఉందో, నిజంగానే అంతు లేకుండా ఉందో ఇంకా తేలలేదు. ఇప్పుడు మనకున్న లెక్కల్లో మాత్రం దానికి మధ్య అంటూ లేదు. ఎక్కడ నిలబడి చూసినా మిగతావన్నీ దూరంగా జరుగుతున్నట్టే కనిపిస్తాయి. అందుకని ఎవరికి వాళ్లకి మధ్యలో తామే ఉన్నామనిపిస్తుంది. అది వాళ్ల గొప్పా కాదు, తప్పూ కాదు. ఒక్కచోటే నిలబడి చూడటం వల్ల వచ్చేది."

గుమ్మంలో త్రినాథరావు దగ్గాడు. వరండాలోకి వెళ్లాలని ఆయనకి తట్టలేదు. సీతామహాలక్ష్మి వచ్చి కొడుకు భుజం మీదుగా తొంగిచూస్తూ, "నోరు మూసుకోరా, వినబడటం లేదు" అంది.

"అర్థమైంది మేడం," అని రాసింది అలేఖ్య. "మళ్లీ క్లాసు ఎప్పుడు?"

కెమెరా వెనక నుంచి త్రినాథరావు రెండు చేతులూ ఊపుతూ, వచ్చే ఆదివారం సార్ చెప్తారని చెప్పమని సైగ చేశాడు. విజయదుర్గ చూసింది. చూసి, మళ్లీ పిల్లల వైపు తిరిగింది.

"రేపే. పొద్దున ఏడింటికి, ఎల్.బి.నగర్ కొత్త బ్రాంచిలో. నా పేరు విజయదుర్గ. పాఠం నాదే, చెప్పేదీ నేనే."