అడ్మిన్‌కి మాత్రమే తెరుచుకున్న పేజీ

మా దర్జీల ఫోరమ్ నడిపేది నేనే. కాలర్ కుట్టే పాఠం నొక్కితే "పేజీ లేదు" అని వస్తోందని వదిన ఫిర్యాదుల విభాగంలో మళ్లీ రాసింది. నా కంప్యూటర్లో చక్కగా తెరుచుకుంది. ఒళ్లు మండి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ముందు ఫోన్ మార్చు వదినా!" అని అందరి ముందూ రాసిపారేశాను.

సాయంత్రం వదిన తన ఫోన్ నా చేతిలో పెట్టింది. నిజంగానే పేజీ లేదు. నా ఫోన్లో లాగవుట్ చేసి చూస్తే అక్కడా లేదు. పొద్దున పాఠాలు సర్దుతూ, అవి అడ్మిన్‌కి తప్ప ఎవరికీ కనబడకుండా నేనే దాచేశాను! తల కొట్టేసినట్టయింది.

ఆ సిగ్గులో, కంగారులో, కంప్యూటర్ తెరిచి ఆ పాఠం కిందే "తప్పు నాదే, క్షమించు వదినా" అని రాశాను.

వదిన ఫోన్ నొక్కి చూసింది. "ఇదీ లేదంటోందయ్యా. నువ్వు తిట్టింది మాత్రం టక్కున తెరుచుకుంటోంది."