దొంగనీళ్లు

కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, రెండు కొసల నుంచీ మధ్యకు లాగాడు. చొక్కా తిరగేసి భుజం సర్దుతుండగా ఆయాసం వచ్చింది. పెట్టెను నిలబెట్టి, బల్ల అంచు పట్టుకుని, కుక్క తరిమితే పరుగెత్తి వచ్చినవాడిలా నోటితో ఊపిరి పీల్చాడు. పరుగూ లేదు, పాడూ లేదు. పొద్దున్నుంచి ఆ బల్ల ముందే నిలబడి ఉన్నాడు.

ఆ గది అయిదంతస్తుల ఇంటి మెట్ల కింద ఉంది. పైకప్పు ఏటవాలుగా దిగి వస్తుంది కాబట్టి ఒక కొసన మనిషి తల వంచి తీరాలి. ఆయన ఇరవయ్యేళ్ల వయసులో ఆ గదిలోకి వచ్చాడు. మొదట బొగ్గుల పెట్టె, తర్వాత కరెంటు పెట్టె, తల వంచడం మాత్రం అదే. ఇప్పుడు బయట ఎండలో నిలబడినా మెడ కొంచెం ముందుకే ఉంటుంది. పైవాళ్లందరికీ ఆయన ఇస్త్రీ బాబాయి. అసలు పేరు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మనుషులు దిగి వస్తుంటే చెప్పుల చప్పుడును బట్టి ఏ అంతస్తువాళ్లో చెప్పేవాడు. చొక్కా మోచేతుల దగ్గర అరిగితే ఉద్యోగంలో కూర్చోబెట్టారనీ, మెడ దగ్గర అరిగితే తిప్పుతున్నారనీ అనేవాడు.

పెట్టె బల్లమీద నిలబడ్డ చప్పుడు విని వెనక గదిలోంచి భార్య అడిగింది.

"ఆగిందేంటి? ఏమయ్యా, ఆయాసమా?"

"అబ్బే, లేదే. గుండీ ఊడినట్టుంటే చూస్తున్నా."

"గుండీ ఊడితే అంత రొప్పుతారా ఎవరైనా? ఆ గిన్నె ఇలా పట్రా."

బట్టల మీద చల్లడానికి బల్ల పక్కన ఉండే నీళ్ల గిన్నె అది. ఆయన పట్టుకురాలేదు, ఆమే వచ్చి ఎత్తి చూసింది. గిన్నె సగానికి దిగింది.

"పొద్దున అంచుల దాకా పోశాను. బట్టల మీద చల్లావా, గొంతులో చల్లుకున్నావా?"

"బట్టల మీదేనే."

"ఆ, పిల్లి కూడా కళ్లు మూసుకునే తాగుతుంది పాలు."

ఆమె అంత మాట అనడానికి కారణం ఉంది. ఆయన కిడ్నీలు పాడై మూడో ఏడు నడుస్తోంది. రోజంతా నిలబడి పనిచేసేవాడికి నడుం నొప్పి, భుజం నొప్పి తప్పవు కదా. మందుల దుకాణంలో బిళ్ల కొనుక్కుని మింగేవాడు, మర్నాడు మళ్లీ నిలబడేవాడు. అలా ఏళ్ల తరబడి మింగిన బిళ్లలే కిడ్నీలను తినేశాయని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. డయాలసిస్ సెంటర్లో మంచం ఎక్కితే, ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి, మిషనే రక్తం కడిగి ఆ నీటిని లాగేయాలి. మిషనుకూ మిషనుకూ మధ్య తాగినదంతా ఒంట్లోనే ఉంటుంది. ముందు కాళ్లు వాస్తాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి ఎక్కి ఆయాసం వస్తుంది. అందుకని రోజూ పొద్దున్నే ఆమె ఒక చిన్న చెంబులో నీళ్లు పోసి పళ్లెం మూత పెట్టేది. ఆ రోజుకు అంతే. మందు బిళ్లకూ అందులోంచే, దాహానికీ అందులోంచే.

కిందటి వేసవిలో ఆమె కూరగాయలకు వెళ్లి వచ్చేలోపు ఆయన కుండ దించి తాగేశాడు. ఎంత తాగాడో ఆయనకే తెలియదు. చీకటి పడేసరికి ఉక్కిరిబిక్కిరై ఆటోలో పడేసుకుని పోవాల్సి వచ్చింది. అక్కడ డాక్టరు ఆయన్ని ఒక్క మాట అనలేదు, ఆమెను పట్టుకుని కడిగేశాడు. "మీరేం చేస్తున్నారమ్మా ఇంట్లో?" అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. ఆ రోజు నుంచీ ఇంట్లో పోలీసు ఆమె, దొంగ ఆయన. "మంచినీళ్ల జైలే నాది, ములాఖత్ కూడా లేదు," అని పక్క మంచాలవాళ్లకు చెప్పి నవ్వించేవాడు. ఆ తర్వాత మాత్రం ఒక్క గుక్క కూడా దొంగతనంగా తాగలేదు. కానీ ఒకసారి దొంగ అనిపించుకున్నాక ఊళ్లో ఏ ఇంట్లో చెంబు పోయినా వాడి గడపకే వస్తారు కదా!

ఇప్పుడు ఆయన నీళ్లు తాగలేదు. అది ఆయనకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. అది ఆమెకు తెలియదు.

మొన్న మిషను మీద ఉండగా చలి పుట్టింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. నర్సు దుప్పటి కప్పి, "మిషను మీద చలి రావడం మనకేమన్నా కొత్తా బాబాయ్," అంది. నిజమే, అక్కడ అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, పోతుంది. ఇది పోలేదు. ఇంటికొచ్చాక జ్వరమైంది. ఆమె చూడకుండా జ్వరం బిళ్ల వేసుకున్నాడు. అది తగ్గించేది, మళ్లీ వచ్చేది. నాలుకకు రుచి పోయింది. ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకుని తిరుగుతున్న రోజులవి. ఇదేమిటో ఊహించలేనంత అమాయకుడేం కాడు. కానీ ఆ పేరు పైకి అనలేదు, ఎందుకంటే లెక్కల మాస్టారి సంగతి ఆయన చూశాడు.

మాస్టారిది పక్క మంచం. నాలుగు గంటల సేపు కదలకుండా పడుకోవాలి కాబట్టి ఆయన పేపరు పైకి చదివేవారు, ఈయన వింటూ మధ్యలో ఓ చెణుకు విసిరేవాడు. ఒకరోజు మాస్టారు సెంటరు గేటు దగ్గర నర్సుతో, "రాత్రి కాస్త వెచ్చబడిందమ్మా," అని ఉన్నమాట చెప్పారు. పరీక్ష చేశారు. వచ్చిందన్నారు. ఇంతమంది మధ్య ఇక్కడ మిషను ఎక్కించలేం, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ మంచం ఉంది, మిషను లేదు. ఇంకోచోట మిషను ఉంది, మంచం లేదు. అలా వ్యానులో తిరుగుతూనే ఉన్నారు. చివరికి మిషను దొరికే సరికి ఎక్కించడానికి మాస్టారు లేరు. నిజం చెప్పినందుకు దక్కింది అదీ.

అందుకే ఆయన లోపల ఒకటే జపం: రేపు మిషను ఎక్కాలి. ఎలాగైనా గేటు దాటి మంచం ఎక్కేస్తే చాలు, ఇన్నాళ్లూ మిషనే గట్టెక్కించింది, ఈసారీ అదే ఒడ్డున పడేస్తుంది.

మూడో అంతస్తు అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చి చొక్కా అందించింది.

"బాబాయ్, మా ఆయనకు మీటింగుంది. పైపైన చేసిచ్చేయ్. కంప్యూటర్లో చేతులు కూడా కనపడవు."

"ప్యాంటో అమ్మా?"

"ప్యాంటెవరు వేసుకుంటున్నారు బాబాయ్ ఇప్పుడు!"

"అయితే సగం దేశం సగం బట్టలతోనే నడుస్తోందన్నమాట," అన్నాడు. ఆ పిల్ల నవ్వుకుంటూ మెట్లెక్కింది. ఆ పాటి మాటకే ఆయనకు దమ్ము చాలలేదు. అయినా చొక్కా సగం చేసి ఇవ్వడం చేతకాదు. చేతులు, మణికట్టు పట్టీలు, వెనక భాగం, కనపడని గుండీల పట్టీ, అన్నీ లాగాడు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు. కూర్చుని ఇస్త్రీ చేసే మనిషి కాడు ఆయన. ఆమె గుమ్మంలో నిలబడి అది చూసింది.

"నాకు భయంగా ఉందయ్యా. కాళ్లు చూపించు. వాపు కూడా లేదే! నీళ్లు కాకపోతే మరేంటిది? ఉండు, సిస్టరుకు ఫోన్ చేస్తా."

సిస్టరు మొదట అడిగేది జ్వరం గురించే.

"ఫోనెందుకే..."

"నీళ్లు తాగలేదంటావు, ఆయాసం చూస్తే ఇలా ఉంది. అడగొద్దా?"

ఆమె చేతిలో ఫోను. వేలు నొక్కబోతోంది. ఆయన తల దించుకున్నాడు.

"తాగానే."

"ఏంటీ?"

"నువ్వు మేడ మీదికి బట్టల కోసం వెళ్లినప్పుడు. నిన్న కూడా తాగాను. దాహం ఆగలేదు."

ఆమె వేలు వెనక్కి తీసింది. తర్వాత ఫోను కొంగులో దోపుకుంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు కోపం కంటే ముందు వచ్చింది ఊరట. హమ్మయ్య, నీళ్లేనా! నీళ్లతో ఆమెకు పాత పగ, దాన్ని ఎలా కొట్టాలో తెలుసు. ఊరంతా భయపడుతున్న ఆ రెండో దాని పేరే ఆమె నోట రాలేదు, అది కాదని తేలిపోయాక ఇక తిట్లకు అడ్డేముంది?

"సిగ్గుందా నీకు? నీ కోసం నేను కూడా నీ ముందు గుక్కెడు నీళ్లు తాగడం మానేశానే! లోపలికెళ్లి చాటుగా తాగుతున్నానే! నన్ను ముండమోయించాలని కంకణం కట్టుకున్నావా? ఆ డాక్టరుతో నేనే మళ్లీ చీవాట్లు తినాలా?"

"తప్పయిపోయిందే."

"తప్పు లేదు, ఒప్పు లేదు. రేపు మిషను ఎక్కేదాకా నీకు చుక్క లేదు."

లోపలికి వెళ్లి చెంబు తెచ్చింది. అందులో ఆయన వాటా ఇంకా సగం పైనే ఉంది. అది ఆయన కళ్ల ముందే గిన్నెలోకి ఒంపేసి, "ఇదిగో, చల్లుకో బట్టలకు," అని వెళ్లిపోయింది.

ఆయన చల్లాడు. ఇంకేం చేస్తాడు? వేళ్లు ముంచి, అయిదో అంతస్తు ముసలాయన దుప్పటి మీద చిలకరించాడు. పెట్టె తగలగానే ఆ నీళ్లు చుయ్‌మని ఆవిరై మొహానికి కొట్టాయి. జ్వరం ఒళ్లు, పైన పెట్టె వేడి. నోరు పిడచకట్టుకుపోయింది. నాలుక పెదవుల మీద తిప్పితే గరుకుగా తగిలింది. గిన్నె మూరెడు దూరంలో ఉంది. చేయని దొంగతనానికి శిక్ష ఎలాగూ పడింది, ఇప్పుడు చేసేస్తే మాత్రం ఏం పోయిందని ఒక్క క్షణం అనిపించి తనలో తనే నవ్వుకున్నాడు. చెయ్యి మాత్రం గిన్నె వైపు పోలేదు. పైగా, ఊపిరి అంతలా పట్టేస్తుంటే, నీళ్లు కూడా తోడైతే రేపటిదాకా ఉండగలనా అని భయం వేసింది.

సాయంత్రం ఆమె అన్నం పళ్లెం ముందుకు తోసింది. ఆయన రెండు ముద్దలు కెలికి లేచాడు.

"నేనిక్కడే గుమ్మం దగ్గర పడుకుంటా. లోపల ఉక్కగా ఉంది. నువ్వు తలుపేసుకో."

"ఎక్కడ పడుకుంటే నాకెందుకు," అంది ఆమె. ఆయన తలుపు వేసుకోమన్నది ఆమె కోసమని ఆమెకు తట్టలేదు. అలిగాడనుకుంది. గోడ వైపు తిరిగి పడుకుని, ఒక చెంచాడు నీళ్లు పెదవులకు రాసి వద్దామా అనుకుంది కూడా. మెత్తబడితే మళ్లీ మొదటికొస్తాడని లేవలేదు. గుమ్మం దగ్గర ఆయన ఎడమ చెయ్యి చెవి కింద పెట్టుకుని పడుకున్నాడు. సూదులు గుచ్చడానికి నరం కలిపి కుట్టిన చోట రక్తం గుయ్యిమని పరుగెడుతుంటుంది. ఆ చప్పుడు వింటేగానీ ఆయనకు నిద్ర పట్టదు.

పొద్దున బిళ్ల వేసుకుని బయల్దేరాడు. గేటు దగ్గర నుదుటికి చూపించిన యంత్రం ఏమీ పట్టలేదు. ఆమెను లోపలికి రానివ్వరు, రోడ్డవతల నిలబడింది. లోపల నర్సు ఆయన్ని తూకం ఎక్కించి, అంకె చూసి, మళ్లీ ఎక్కించింది.

"బాబాయ్, నీళ్లేం ఎక్కలేదే! బరువు ఎప్పటికంటే తక్కువే ఉంది. మరి ఈ ఆయాసమేంటి?" వేలికి క్లిప్పు పెట్టి చూసేసరికి నర్సు మొహం మారిపోయింది. "జ్వరం ఎన్నాళ్ల నుంచి బాబాయ్? నిజం చెప్పు."

ఆయన చెప్పేశాడు. చెప్పి, "మాస్టార్ని తిప్పినట్టు తిప్పకండమ్మా," అన్నాడు.

"అయ్యో బాబాయ్, అప్పటి రోజులు కావు. పెద్దాసుపత్రిలో ఆ వార్డులోనే మిషను పెట్టి నెలయింది. ఒక్క ఫోన్ చేసుంటే నిన్ననే ఎక్కించేవాళ్లు కదా!"

రోడ్డవతల ఆమెకు గేటు మనిషి వచ్చి, "అది వచ్చిందమ్మా, పెద్దాసుపత్రి వార్డుకు మారుస్తున్నారు," అని చెప్పాడు. వ్యాను అద్దంలోంచి ఆయన చెయ్యి ఊపాడో, సర్దుకున్నాడో ఆమెకు తెలియలేదు.

మర్నాడు ఫోన్ చేశాడు.

"ఇక్కడ గమ్మత్తే. నీళ్లు బాగా తాగండి, తాగండి అని అందరి వెంటా పడుతున్నారు. మంచానికో సీసా ఇచ్చారు. నాకూ ఇచ్చారు."

"ఆ మాట నీకు కాదు. దాన్ని ముట్టుకున్నావంటే చూడు!"

"సరేలేవే." కాసేపు ఊపిరి చప్పుడు వినిపించింది. "ఇంటి దగ్గర ఆ రోజు నేను నీళ్లు తాగలేదే. ఊరికే అన్నాను."

"సరే సరే, తాగలేదులే. ఇప్పుడా పంచాయితీ ఎందుకు, పడుకో," అంది ఆమె, మారాం చేసే పిల్లవాడికి చెప్పినట్టు.

మిషను ఎక్కించారు. అది చేయాల్సిన పని అది చేసింది, ఊపిరితిత్తులు మాత్రం దాని చేతిలో లేవు. తెల్లవారుజామున పోయాడు. చూడ్డానికి ఆమెను రానివ్వలేదు, దహనం కూడా వాళ్లే చేశారు. తర్వాత ఒక రోజు కబురు పెడితే వెళ్లి, కిటికీలోంచి ఇచ్చిన సంచీ తీసుకుని, మెట్ల కింద గదికి వచ్చి, ఇస్త్రీ బల్ల మీద విప్పింది. చొక్కా, ప్యాంటు, ఫోను, దువ్వెన. చొక్కాను ఎవరో ఉండ చుట్టి కుక్కారు. ఉన్న ముడతలు ఉన్నట్టే ఒళ్లో పెట్టుకుంది. అడుగున ఇంకేదో బరువు తగిలితే చెయ్యి పెట్టి బయటికి తీసింది.

"తాగలేదన్నావు కదయ్యా," అంది. "అక్కడైనా... ఒక్క గుక్క తాగి పోవాల్సింది."

వార్డులో ఇచ్చిన నీళ్ల సీసా అది. మెడ దాకా నీళ్లున్నాయి, మూత చుట్టూ ఉన్న సీలు ఎక్కడా తెగలేదు.