కిటికీ పక్క

చింతచెట్టు మీదనుంచి పడి మాదప్పకు నడుము కింద స్పర్శ లేకుండా పోయింది. కెలమంగలంలో నెలల తరబడి మంచం మీద వెల్లకిలా పడివుంటే పిరుదుల పైన పిడికిలి పట్టేంత పుండు పడింది. దాన్ని కడిగి కట్టు కట్టింది పెద్దభార్య గంగక్క. చిన్నభార్య కెంపమ్మ ఆ కంపు తాళలేక అంచెట్టిలో పుట్టింటికి పోయింది. కృష్ణగిరి ఆస్పత్రిలో డాక్టరు పక్కనున్న తోలూ కండా జరిపి పుండు మీద కప్పి కుట్టేశాక, కెంపమ్మ తలలో కనకాంబరాలు పెట్టుకుని దిగింది.

చాకిరీ ఒకరిది, సరసం ఇంకొకరిది! గంగక్కకు కడుపు మండిపోయింది.

"వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఆస్పత్రి గంట కొట్టినప్పుడల్లా పక్క మార్చండి" అన్నాడు డాక్టరు. మంచానికి కిటికీ వైపు గంగక్క చాప, వాకిలి వైపు కెంపమ్మ చాప. మొగుడి మొహం కాసేపు ఈమెకు, కాసేపు ఆమెకు. సవతుల పంపకం ఆస్పత్రివాళ్ళే చేసిపెట్టారు.

కానీ వాకిలి వైపు తిరిగితే చాలు, మాదప్ప నవ్వుతాడు! అది గంగక్క ఓర్వలేకపోయింది. గంట కొట్టే వేళకు కెంపమ్మను గుడ్డలు ఉతకడానికి తరిమేది. ఆమె తిరిగొచ్చి "తిప్పుదామా అక్కా?" అంటే, తిప్పకుండానే తిప్పినట్టు కసిరేది.

"నువ్వు పోయినప్పుడు ఆ పక్కకి తిప్పి, ఇప్పుడే ఈ పక్కకి తెచ్చినాను. ఊరికే కదిలిస్తే కుట్లు పోతాయే!"

ఇద్దరి మధ్య నలిగే మాదప్ప నోరు మెదిపేవాడు కాదు. కింద ఒత్తుకుంటున్న సంగతి ఆయన ఒంటికి తెలియదు.

కుట్లు విప్పిన రోజు డాక్టరు వెనక పుండు మానింది చూసి సంతోషించాడు. తర్వాత అన్నాళ్ళూ పరుపుకు ఒత్తుకున్న తుంటి చూశాడు. ఎముక మీద తోలు నల్లబడింది.

"ఎప్పుడూ ఈ పక్కకే ఎవరు పడుకోబెట్టారు?"

"నేనే చెప్పినాను సార్" అన్నాడు మాదప్ప. "కిటికీ గాలి బాగుంటాదని."

గంగక్క బావురుమంది. "నా తోలు కోసి ఏయండి సామీ!"

"నీ తోలు ఆయనకు అతకదమ్మా. ఇది మానేదాకా ఈ పక్కకు తిప్పనే వద్దు. బోర్లా, లేదంటే ఆ పక్క."

అందరూ కలిసి మాదప్పను వాకిలి వైపు తిప్పారు. గంగక్కకు వీపు మిగిలింది.

కెంపమ్మ చాప మీద కొంచెం జరిగింది. "రా అక్కా, ఈడ కూర్చో. మొగం కనిపిస్తాది."

గంగక్క పోయి కూర్చుంది. ఆ చారెడు చోటు సవతి పెట్టిన భిక్ష అని లోపల భగ్గుమంది. అయినా లేవలేదు.