ఆరో కిలోమీటరు దగ్గర

"ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా, నీ పేరు కూడా ఇచ్చేశాను" అన్నాడు భీమేశ్వరరావు, దోసె తుంచుకుంటూ. మాదాపూర్‌లోని అతని సాఫ్ట్‌వేర్ కంపెనీ డిసెంబరు ఆఖరి ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెడుతోంది. ఊళ్లో ఎవరైనా పరిగెత్తొచ్చు. ఉద్యోగుల భార్యలు నీళ్లందిస్తారు. పుణ్యవతి పెనం మీద రెండో దోసె తిరగేసింది. ఖాళీ అన్న మాట మొదట్లో గుచ్చుకునేది. పదహారేళ్లయ్యాక అదీ కుక్కర్ కూతలాగే, ఇంట్లో ఉండే ఒక చప్పుడు.

ఆ రోజు నాలుగింటికే లేచి, అత్తగారికి వేణ్ణీళ్లు పెట్టి, మామగారికి ఫ్లాస్కులో కాఫీ పోసి, చట్నీ రుబ్బి బయల్దేరింది. "తొమ్మిదింటికల్లా వచ్చెయ్యమ్మా, టిఫిన్ ఆలస్యమైతే మీ మామయ్యగారు తట్టుకోలేరు" అంది అత్తగారు మంచం మీంచే.

ఆరో కిలోమీటరు దగ్గర నీళ్ల బల్ల. పరిగెత్తేవాళ్లు వెళ్లేటప్పుడూ, తిరిగొచ్చేటప్పుడూ దాని ముందు నుంచే పోవాలి. చీర మీదే పచ్చ టీషర్టు తొడుక్కుని, టోపీ పెట్టుకుని గ్లాసులు నింపింది. పారేసిన గ్లాసులు ఏరడానికి పోచమ్మను పెట్టారు. కాసేపటికి గుంపులో భీమేశ్వరరావు రొప్పుతూ వచ్చాడు. పుణ్యవతి చెయ్యి చాపింది. గటగటా తాగి, "థాంక్యూ అండీ, చాలా థాంక్స్" అని పరిగెత్తాడు. మొహం చూడలేదు.

ఆమెకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. అతని నోటి నుంచి తను విన్న మొదటి థాంక్స్ అది. ఎవరో పరాయి మనిషి అనుకుని చెప్పాడు. వెనక వచ్చినవాళ్లకి గ్లాసులు అందిస్తూనే ఉంది.

తిరుగుదారిలో అతను నడుస్తూ వచ్చి ఆగాడు. "నువ్వా! ఇక్కడ వేశారా నిన్ను? ఇంత నిండా పోస్తే ఎలా తాగుతారే, ఒలికిపోదూ? సర్లే, ఇంక బయల్దేరు. అమ్మావాళ్లు టిఫిన్‌కి చూస్తుంటారు."

అతను మలుపు తిరిగాక పోచమ్మ అడిగింది. "నీ పెనిమిటా అమ్మా?"

"ఊఁ."

"మొదలు గుర్తువట్టలే గదా. మరి చెప్పకపోతివి?"

"ఎంత మర్యాదగా మాట్లాడాడో విన్నావుగా పోచమ్మా. చెబితే అదీ ఉండేది కాదు."

పోచమ్మ వంగి మళ్లీ గ్లాసులు ఏరసాగింది.

తొమ్మిది దాటాక రసజ్ఞ జీపులో వచ్చింది. ఏర్పాట్లు చూస్తున్న అమ్మాయి. "అయిపోయినట్టే ఆంటీ. ఒక్కావిడే మిగిలారు, ఈశ్వరమ్మ అని, జీడిమెట్లలో మందుల ప్యాకింగ్ చేస్తారట. జీపెక్కమంటే వినట్లేదు. బల్ల తీసేద్దాం."

"ఉండనీ. ఆవిడొచ్చేదాకా నేనుంటాను."

"ఇంట్లో మీకోసం చూస్తారేమో..."

"చూడనీ" అంది పుణ్యవతి. ఆ మాట అన్నది తనేనా అని ఆమెకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

పది గంటలకి తిరుగుదారిలో ఈశ్వరమ్మ కుంటుతూ వచ్చింది. నలభై దాటిన మనిషి. రబ్బరు చెప్పులు చేతిలో ఉన్నాయి, మడమలు బొబ్బలెక్కాయి. రెండు గ్లాసులు తాగి, "ఇంగెంత దూరముందక్కా?" అంది.

"ఆరు కిలోమీటర్లు."

"అందరూ పోయినారా? పోనీలే, ఒగదాన్నే పోతా."

పుణ్యవతి ఇంటికెళ్లే లింగంపల్లి బస్సు రోడ్డుకి అవతలి పక్కన వచ్చి ఆగింది. కండక్టరు ఇటు చూసి, రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. పుణ్యవతి టోపీ తీసి బల్ల మీద పెట్టింది. కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని, ఈశ్వరమ్మ పక్కన ఆమె నడక ఎంతో అంతే నడవడం మొదలుపెట్టింది.