పసుపు చుక్క

పెద్దమేస్త్రికి అల్లుణ్ణి చూస్తే ఒళ్ళు మండుతుంది. అల్లుడు వాళ్ళ కార్ల షెడ్డులో లోపాలు చూపే కంప్యూటర్ తెచ్చి పెట్టిన రోజు నుంచీ ఈ మంట. కూతురి మొగుడు కాబట్టి బతికిపోయాడు గానీ, లేకపోతే ఆ పెట్టెనూ అతన్నీ కలిపి రోడ్డు మీద పెట్టేవాడే. నలభై ఏళ్ళుగా ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పినవాడికి తెర మీద అంకెలు చూపిస్తే కడుపు మండదూ మరి?

వీళ్ళిద్దరి మధ్యకీ, ఎప్పుడూ ఈ షెడ్డుకే వచ్చే ఆసుపత్రి నర్సమ్మ కారు వచ్చి పడింది. రాత్రంతా ఆగి ఉంటే తెల్లారి ఒక పట్టాన స్టార్టు కాదు. ఒకసారి లేచిందంటే ఇక రోజంతా బుద్ధిమంతురాలు. కంప్యూటర్ పెట్టి చూస్తే ఏ లోపమూ లేదంది.

"దీని జబ్బు నేను పట్టలేకపోతే షెడ్డు తాళాలు నీ మొహాన కొట్టి ఇంట్లో కూర్చుంటాను, అల్లుడుగారూ," అన్నాడు పెద్దమేస్త్రి. ఆయన 'గారు' తగిలించాడంటే కోపం నెత్తికెక్కినట్టే.

"అలాగే మామయ్యా," అన్నాడు అల్లుడు. కనీసం వద్దని కూడా అనలేదు.

కారు రాత్రిళ్ళు షెడ్డులోనే ఉంచారు. పొద్దున ఎనిమిదింటికి పెద్దమేస్త్రి వచ్చి తాళం తిప్పితే, ఒక్క తిప్పుకే లేచింది. రెండోరోజూ అంతే. మూడోరోజు నర్సమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నేను పనీపాటా లేక అబద్ధాలాడుతున్నానా మేస్త్రిగారూ? మూడుసార్లు డ్యూటీకి ఆలస్యమై మాటలు పడ్డాను. చెవులు పనిచెయ్యకపోతే ఆ మాటే చెప్పండి, ఇంకోచోటికి తీసుకుపోతాను. రేపటిదాకా చూస్తాను."

తల కొట్టేసినట్టయింది ఆయనకు. ఆమె వెళ్ళాక బానెట్ మీద చెయ్యి వేశాడు. ఆరోజు ఇంకా తాళమే తిప్పలేదు, అయినా బానెట్ వెచ్చగా ఉంది.

"ఎవరు తీశారు దీన్ని?"

"నేనే. షెడ్డు ఊడవాలంటే బండి బయట పెట్టొద్దా?" అన్నాడు అల్లుడు, తల ఎత్తకుండా. "రోజూ ఏడింటికి తీస్తున్నాను."

"చల్లగా ఉన్నప్పుడొచ్చే జబ్బును ఇంజిన్ వెచ్చబెట్టి నాకు చూపిస్తున్నావా? ఊడవడానికి ఈ మూడు రోజులే దొరికాయా నీకు?"

అల్లుడు కంప్యూటర్ వైపు తిరిగాడు. వీడు కావాలనే చేశాడు, తాళాల కోసం చేశాడు అనుకున్నాడు పెద్దమేస్త్రి.

నాలుగోరోజు తెల్లవారగానే ఆయనే వచ్చి షట్టర్ ఎత్తాడు. తాళం తిప్పాడు. ఇంజిన్ నాలుగు చుట్లు తిరిగింది గానీ అందుకోలేదు. వెంటనే వదిలేశాడు. ఈసారి తాళం సగమే తిప్పి చెవి వెనక్కి పెట్టాడు. వెనక సీటు కింద పెట్రోలు పంపు గుయ్యిమని ఆగింది. అలా మూడుసార్లు చేసి పూర్తిగా తిప్పాడు. టక్కున లేచింది.

దొరికింది దొంగ. పెట్రోలు రాత్రికి రాత్రి వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. పంపు దగ్గరే ఎక్కడో వదులుతోంది.

"సీటు ఎత్తకండి మామయ్యా." అల్లుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మీరే గెలిచారు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎందుకెత్తకూడదు? నీ ఎర్రచుక్క బయటపడుతుందనా?"

ఆ షెడ్డులో ఎవరు బిగించిన మరమేకు మీద వాళ్ళు రంగు చుక్క పెట్టాలి. పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతే అది. తప్పు చేసినవాడు తప్పించుకోకూడదని ఆయన పంతం. అల్లుడిది ఎరుపు, ఆయనది పసుపు.

కసిగా సీటు ఎత్తాడు. పంపు మూత చుట్టూ ఆరు మరలున్నాయి, ఆరింటి మీదా పసుపు చుక్కలే.

ఎప్పుడు బిగించాడో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. మరలు విప్పి పంపు పైకి తీశాడు. పైపు మొదట్లో రబ్బరు రింగు మెలిపడి నలిగిపోయి ఉంది. పని నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు, ఆయన ఎంతమందినో నోటికొచ్చినట్టు తిట్టిన తప్పు.

"మొదటిరోజే సీటు ఎత్తి మీ చుక్కలు చూశాను," అన్నాడు అల్లుడు. "మీరు చేతులెత్తేస్తే గుట్టుగా మార్చి పంపిద్దామనే రోజూ వెచ్చబెట్టాను. మీ మీద ప్రేమతో కాదు, షెడ్డు పేరు పోతుందని."

అంతలో నర్సమ్మ వచ్చింది. అల్లుడు ముందుకెళ్ళి, "రింగు పాతబడిందండీ," అన్నాడు.

"పాతబడలేదు," అన్నాడు పెద్దమేస్త్రి. "నేనే మెలిపెట్టి బిగించాను."

నర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే ఇంకెప్పుడూ నా బండి మీద చెయ్యి వెయ్యకండి," అంది.

సిగ్గుతో ఆయన ముఖం కందిపోయింది. జేబులోంచి తాళాలు తీసి కంప్యూటర్ పక్కన పెట్టాడు.

"పందెం మీరే గెలిచారు కదా," అన్నాడు అల్లుడు.

"గెలిచాను," అన్నాడు పెద్దమేస్త్రి. పసుపు రంగు సీసా మూత బిగించి జేబులో వేసుకున్నాడు. "కొత్త రింగు వెయ్యి. నీ ఎర్రచుక్కే పెట్టు."